‘ఎయింట్’ ఎవరి నోట రాయాలి?

ఇంగ్లిషు మాధ్యమంలో పన్నెండేళ్లు చదువుకున్న తెలుగు విద్యార్థికి కూడా ‘ఎయింట్’ (ain't) అనే మాట పాఠ్యపుస్తకంలో తారసపడదు. వ్యాకరణం పుస్తకంలో సంక్షిప్త రూపాల పట్టిక ఉంటుంది. ‘ఇజంట్’, ‘ఆరంట్’, ‘డోంట్’, ‘కాంట్’, ‘వోంట్’ అన్నీ అందులో వరసగా కూర్చుని ఉంటాయి, ఇది ఒక్కటే ఉండదు. అదే విద్యార్థి సాయంత్రం అమెరికన్ పాటలు పెట్టుకుంటే పాట తరవాత పాటలో ఈ మాటే వినిపిస్తుంది. సినిమాల్లో, ధారావాహికల్లో, క్రీడా వ్యాఖ్యానాల్లో వినిపిస్తుంది. చెవికి అంతగా అలవాటైన మాట ఏదో ఒకరోజు రాతలోకి జారుతుంది: సహోద్యోగికి పంపే మెయిలులోకి, ఇంగ్లిషులో రాసుకునే కథలోకి, విదేశీ విశ్వవిద్యాలయానికి పెట్టుకునే దరఖాస్తులోకి. అక్కడ అది కుదిరిందో ఎబ్బెట్టుగా ఉందో రాసినవారికి తెలియదు. చదివినవారు చెప్పరు, మనసులో ఒక అంచనా వేసుకుని ఊరుకుంటారు.

బడిలో నేర్పే సమాధానం ‘అది తప్పు, వాడకండి’ అన్నదే. పరీక్షకు అది చాలు. రాయడానికి చాలదు. ఎందుకంటే ఇంగ్లిషులో చేయి తిరిగిన వారు ఈ మాటను వాడతారు, తెలిసే వాడతారు. వాళ్లు ఎక్కడ వాడుతున్నారో, ఎక్కడ వాడటం లేదో గమనిస్తే, మోటుమాటను రాతలో పెట్టడం గురించి ఏ వ్యాకరణ పుస్తకమూ చెప్పని సంగతులు బయటపడతాయి.

ముందుగా ఈ మాట చేసే పని. ‘నేను కాను’, ‘అది కాదు’, ‘వాళ్లు కారు’ అనడానికి ఇంగ్లిషులో మూడు వేరువేరు క్రియారూపాలు కావాలి. ‘ఎయింట్’ ఒక్కటే ఆ మూడింటి పనీ చేస్తుంది. అంతటితో ఆగక ‘హావ్ నాట్’, ‘హాజ్ నాట్’ ఉండాల్సిన చోట కూడా కూర్చుంటుంది. కర్త మారినా, వచనం మారినా దాని రూపం మారదు. వ్యాకరణం నేర్పేవారికి నచ్చని గుణం ఇదే. పాట రాసేవారికి నచ్చే గుణమూ ఇదే: ఒక్క అక్షరం వ్యవధిలో పలుకుతుంది, ఎవరి పక్కనైనా ఒదుగుతుంది, మీద ఊనిక వేస్తే గట్టిగా మోగుతుంది.

తెలుగువారికి ఇది వింతగా తోచాల్సిన పని లేదు. మన భాషలో ‘కాను, కావు, కాడు, కాదు, కాము, కారు’ అని కర్తను బట్టి మారే క్రియ ఉంది. అయినా ‘నేను డాక్టర్ని కాదు’, ‘వాళ్లు మా బంధువులు కాదు’ అనే వాక్యాలు రోజూ వింటున్నాం, అంటున్నాం. అన్ని రూపాలనూ ‘కాదు’ మింగేస్తోంది. శ్రద్ధగా రాసేవారు ‘నేను డాక్టర్ని కాను’ అనే రాస్తారు, ‘కాదు’ అని కనబడితే కలం పట్టి దిద్దుతారు. కానీ ఆ దిద్దేవారే ‘నేను వెళ్లలేదు, నువ్వు వెళ్లలేదు, వాళ్లు వెళ్లలేదు’ అని ఏ సంకోచమూ లేకుండా రాస్తారు. అక్కడ ‘లేదు’ అన్ని కర్తలకూ ఒకే రూపంలో సరిపోతోంది, ఎవరికీ అభ్యంతరం లేదు. ఒకే భాషలో, ఒకే రకమైన మార్పు ఒకచోట ప్రమాణమైంది, మరోచోట తప్పుగా మిగిలింది. అంటే రూపం మారకపోవడమే దోషమైతే ‘వెళ్లలేదు’ కూడా దోషమే కావాలి. ఎయింట్‌కు వచ్చిన చెడ్డపేరు దాని నిర్మాణం వల్ల రాలేదు. దాని వెనక వేరే కథ ఉంది.

17వ శతాబ్ది రెండో సగంలో లండన్ నాటకాల్లో ‘డోంట్’, ‘కాంట్’, ‘షాంట్’, ‘వోంట్’ లాంటి కుదింపులు పాత్రల నోట వినబడటం మొదలైంది. ఆ గుంపులోదే ‘ఆంట్’ (an't) అనే రూపం. ‘యామ్ నాట్’ నుంచి, ‘ఆర్ నాట్’ నుంచి ఇంచుమించు ఒకే కాలంలో పుట్టింది. 1695లో విలియం కాంగ్రీవ్ నాటకంలో ‘నేను చెవిటివాణ్ణి కాను’ అనే పాత్ర నోట అది ఉంది. మరుసటి ఏడాది జాన్ వాన్‌బ్రూ నాటకంలో అదే రూపం బహువచన కర్త పక్కన చెప్పుల గురించిన మాటలో కనబడుతుంది. 18వ శతాబ్ది నడుమకు వచ్చేసరికి ‘ఎయింట్’ అనే వర్ణక్రమం అచ్చులోకి ఎక్కింది. అప్పట్లో ఇది ‘డోంట్’ కంటే తక్కువ కులం మాటేమీ కాదు. రెండూ మాట్లాడే మాటలే. రాతలో గంభీరంగా ఉండదలచినవారు రెండింటినీ వదిలేసేవారు.

ఆ కాలపు మనస్తత్వాన్ని దగ్గరగా చూడాలంటే ‘గలివర్ యాత్రలు’ రచయిత జొనాథన్ స్విఫ్ట్‌ను చూడాలి. 1710 సెప్టెంబరులో ఆయన ఒక లండన్ పత్రికకు లేఖ రూపంలో వ్యాసం రాసి, ఇంగ్లిషు చెడిపోతోందని వాపోయాడు. మాటలను కోసి కుదిస్తున్నారని, కొత్తగా పుట్టిన పలుకుబడులు భాషను పాడుచేస్తున్నాయని ఆయన బాధ. ‘మాబ్’ (మూక) అనే మాటను ఆపడానికి కొన్నేళ్లుగా శక్తివంచన లేకుండా పోరాడానని, మందబలం ముందు ఓడిపోయానని అందులో చెప్పుకున్నాడు. ‘చపల జనం’ అనే అర్థమున్న లాటిన్ పదబంధాన్ని తోక కోసి చేసిన మాట అది. అదే శరదృతువులో ఆయన డబ్లిన్‌లోని ఆత్మీయురాలికి రోజువారీ ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు. ఆ ఉత్తరాల్లో ‘ఇది నా తప్పు కాదు, ప్యాట్రిక్ తప్పు’ అంటూ తన నౌకరు మీద నెపం వేస్తూ రాసిన చోట ‘ఆంట్’ అనే రూపమే వాడాడు.

దీన్ని ద్వంద్వ నీతి అని కొట్టిపారేయడం తేలిక. కానీ అది న్యాయం కాదు. స్విఫ్ట్‌కు తన పాఠకులెవరో తెలుసు. పత్రిక చదివే అపరిచితుల ముందు ఒక భాష, మనసిచ్చి మాట్లాడే మనిషి ముందు ఒక భాష. ఉత్తరంలో ‘ఇట్ ఈజ్ నాట్’ అని విడదీసి రాసి ఉంటే ఆ వాక్యంలోని చిరుకోపం, చనువు రెండూ ఎండిపోయేవి. ఇంతకీ ఆయన ఆపలేకపోయిన ‘మాబ్’ ఇప్పుడు న్యాయస్థానాల తీర్పుల్లో, పత్రికల మొదటి పేజీల్లో నిలిచిన మాట. ఆయన చనువుగా రాసిన ‘ఆంట్’ సంతతి మాత్రం ఇప్పటికీ గుమ్మం బయటే నిలబడి ఉంది.

అది బయటకు ఎలా వెళ్లిందన్నదీ ఆసక్తికరమైన విషయమే. ఇంగ్లండులో ఈ మాటను సమాజం రెండు చివరలా వాడారు. లండన్ తూర్పు పేటల కూలీలు వాడారు. 19వ శతాబ్దిలోనూ, 20వ శతాబ్ది తొలి దశకాల్లోనూ ప్రభు కుటుంబాల వారు గుర్రాల గురించీ వేట గురించీ మాట్లాడుకుంటూ నిస్సంకోచంగా వాడారు. కూలీకి పోయే పరువు లేదు, ప్రభువుకు పరువు పోతుందన్న భయం లేదు. భయమంతా నడుమ ఉన్నవారిదే: బడిపంతుళ్లు, గుమాస్తాలు, కొత్తగా చదువుకుని పైకి రావాలనుకునే కుటుంబాలు. వాళ్ల కోసం అచ్చయిన వ్యాకరణ పుస్తకాలు, మర్యాద పుస్తకాలు ఈ మాటను అంటరాని మాటగా ముద్రవేశాయి. అమెరికాలో బడి దాన్ని మరింత కఠినంగా తరిమింది. ‘అది నిఘంటువులో లేదు కాబట్టి మాటే కాదు’ అనే నానుడి అక్కడి పిల్లల నోళ్లలో నాటుకుపోయింది. ఆ నానుడి పలకడానికి కూడా పిల్లలు ఎయింట్‌నే వాడుతారు.

ఈ తరిమివేతలో ఒక చిత్రం జరిగింది. ‘నేను కానా?’ అని అడగడానికి ఇంగ్లిషులో మర్యాదస్తుల కుదింపు రూపం లేకుండా పోయింది. ‘యామ్ ఐ నాట్’ అంటే ఉపన్యాసంలా ఉంటుంది. ‘యామంట్ ఐ’ అనే రూపం స్కాట్లాండులో, ఐర్లాండులో బతికింది కానీ మిగతాచోట్ల నిలవలేదు. ఎయింట్ నిషిద్ధం. ఆ ఖాళీలోకి ‘ఆరంట్ ఐ’ వచ్చి చేరింది. దక్షిణ ఇంగ్లండు ఉచ్చారణలో ‘ర’ పలకదు కనుక, దీర్ఘంగా పలికే పాత ‘ఆంట్’, ‘ఆరంట్’ చెవికి ఒకేలా వినిపించేవి. రాసేవారు మర్యాదగా కనబడే వర్ణక్రమాన్ని ఎంచుకున్నారు. లెక్కప్రకారం చూస్తే ‘నేను’ పక్కన బహువచన క్రియ రావడం పచ్చి వ్యాకరణ దోషం. కానీ ఈ దోషాన్ని ఎవరూ దిద్దరు. పాత కుటుంబానికి చెందిన రెండు రూపాల్లో ఒకటి తొడుగు మార్చుకుని ఇంట్లోకి వచ్చింది, రెండోది రాలేకపోయింది. భాషలో ‘ఒప్పు’ అన్నది ఎంతవరకు తర్కమో, ఎంతవరకు పరువు లెక్కో తేల్చడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఆ పరువు లెక్క ఎంత లోతైనదో 1961లో అమెరికా అంతటికీ తెలిసింది. మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని మెరియం సంస్థ ఆ ఏడాది సెప్టెంబరులో వెబ్‌స్టర్ పెద్ద నిఘంటువు మూడో కూర్పును విడుదల చేసింది. 4,50,000 పైచిలుకు ఆరోపాలు (అర్థం ఇచ్చిన పదాలు), వెల 47.50 డాలర్లు, సంపాదకుడు ఫిలిప్ గోవ్. ఎయింట్ ఆరోపం కింద ఒక జాగ్రత్త వాక్యం ఉంది. దాని సారం ఇది: చాలామందికి ఇది నచ్చదు, తక్కువ చదువుకున్నవారి మాటల్లో ఎక్కువగా వినబడుతుంది, అయినా అమెరికాలో చాలా ప్రాంతాల్లో సంస్కారవంతులైన వక్తలు కూడా, ముఖ్యంగా ‘నేను కానా’ అనే ప్రశ్నలో, నోటిమాటగా వాడుతున్నారు. ‘హావ్ నాట్’ అనే అర్థంలో వాడటానికి మాత్రం ప్రమాణానికి దిగువ స్థాయి అనే ముద్ర వేశారు. చదివితే ఇందులో విప్లవమేమీ లేదు. పైగా ఈ మాట 1934 నాటి కూర్పులోనూ ఉంది.

మంట రాజేసింది పత్రికా ప్రకటన. సంస్థ ప్రచారం కోసం విడుదల చేసిన ప్రకటనలో ఆ జాగ్రత్త వాక్యపు తల కోసేసి, సంస్కారవంతులు వాడుతున్నారన్న తోక మాత్రమే మిగిల్చారు. ఎయింట్‌కు ఇక అధికారిక గుర్తింపు వచ్చిందని చాటారు. పత్రికలు నిఘంటువు తెరవకుండానే ఆ ముక్కను పట్టుకున్నాయి. అక్టోబరులో న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయంలో విరుచుకుపడింది. 1962 జనవరిలో భాషా విమర్శకుడు విల్సన్ ఫాలెట్ ఇది విద్రోహమని రాశాడు, మార్చిలో వ్యాసకర్త డ్వైట్ మెక్‌డొనాల్డ్ పేజీలకు పేజీలు విమర్శించాడు. ఒక వ్యంగ్యచిత్రంలో ఆ సంస్థ కార్యాలయంలోని ఉద్యోగిని, డాక్టర్ గోవ్ లోపల లేరన్న సంగతిని అతిథికి ఎయింట్‌తోనే చెబుతుంది. పోటీ సంస్థ ఒకటి మెరియంను కొనేయాలని చూసి, కుదరక 1969లో తన సొంత నిఘంటువును తెచ్చింది. ఏ ప్రయోగం ఒప్పో అడిగి తెలుసుకోవడానికి రచయితలతో, సంపాదకులతో ఒక సంఘాన్నే పెట్టుకుంది.

ఈ గొడవలో విమర్శకులు ఒక తేడాను మరచిపోయారు. గోవ్ చెప్పింది నోటిమాట గురించి. ‘సంస్కారవంతులు మాట్లాడతారు’ అనడం ‘రాతలో పెట్టండి’ అనడం కాదు. అయితే విమర్శకుల పక్షానా ఒక నిజం ఉంది. నిఘంటువు చూసేవారిలో చాలామంది ‘ఇది రాయవచ్చా?’ అని తెలుసుకోవడానికే చూస్తారు. ఆ ప్రశ్నకు సూటి జవాబు దొరకనప్పుడు వారికి నిరాశ కలగడం సహజం. నిఘంటువు ఎన్ని ముద్రలు వేసినా ఆ జవాబు పూర్తిగా చెప్పలేదు. ఎందుకంటే జవాబు మాటలో లేదు, వాక్యంలో ఉంది.

ఒక వాక్యాన్ని దగ్గరగా చూద్దాం. 1977లో జార్జియా రాష్ట్రానికి చెందిన బర్ట్ లాన్స్, అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ దగ్గర బడ్జెట్ కార్యాలయ అధిపతిగా ఉన్నప్పుడు, ప్రభుత్వం ఎలా పనిచేయాలో ఒక సామెతలో చెప్పాడు: ‘ఇఫ్ ఇట్ ఎయింట్ బ్రోక్, డోంట్ ఫిక్స్ ఇట్’. చెడనిదాన్ని బాగుచేయబోవద్దని అర్థం. ఈ మాట అంతకుముందే జనంలో ఉన్నా, దేశమంతా పాకింది ఆయన తరవాతే. దీన్ని వ్యాకరణ యుక్తంగా మార్చి చూడండి. ఎయింట్ స్థానంలో ‘ఇజంట్’, ‘బ్రోక్’ స్థానంలో ‘బ్రోకెన్’ పెట్టాలి. పలుకులో ఏడు అక్షరాల వాక్యం తొమ్మిదవుతుంది. ‘ఎయింట్ బ్రోక్’ అని సుత్తితో రెండు దెబ్బలు వేసినట్టున్న చోట మాట నాలుగు ముక్కలై సన్నగిలుతుంది. చేతికి మసి అంటిన మెకానిక్ చెప్పిన మాటలా ఉన్నది కాస్తా యంత్రంతో పాటు ఇచ్చే కాగితంలా మారుతుంది. ఆ సామెత బరువంతా అది పనిచేసే మనిషి నోటి నుంచి వచ్చినట్టుండటంలోనే ఉంది.

ఇప్పుడు మరో వాక్యం. కార్యాలయంలో పైఅధికారికి పంపే మెయిలులో ‘నివేదిక ఇంకా సిద్ధం కాలేదు’ అని చెప్పడానికి ఒకరు ‘ద రిపోర్ట్ ఎయింట్ రెడీ’ అని రాశారనుకుందాం. ఎయింట్ తీసేసి ‘ఇజంట్’ పెడితే ఏం పోయింది? ఏమీ పోలేదు. లయ లేదు, సామెత లేదు, విసురు లేదు. పోయేదేమీ లేని చోట మోటుమాట పెడితే చదివేవారి దృష్టి నివేదిక మీద నుంచి రాసినవారి మీదికి మళ్లుతుంది: చనువు తీసుకుంటున్నాడా, తెలియక రాశాడా, చిరాకు పడుతున్నాడా? ప్రమాణ రూపం పెట్టి చదివి చూడటం, ఏదైనా పోతే మోటుమాటను ఉంచడం, ఏమీ పోకపోతే తీసేయడం. రాతలో ఇంతకంటే నమ్మదగిన పరీక్ష మరొకటి కనబడదు.

ఉంచాలని నిర్ణయించుకుంటే పూర్తిగా ఉంచాలి. అమెరికా అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్ 1984 ఎన్నికల్లో ‘అసలు సంగతి ముందుంది’ అనే అర్థంలో పదేపదే వాడిన నినాదంలో ఎయింట్ పక్కన ‘నథింగ్’ వచ్చింది. బడి వ్యాకరణం ప్రకారం రెండు వ్యతిరేకాలు కూడవు కనుక ‘ఎనీథింగ్’ రావాలి. కానీ ఎయింట్ పక్కన ‘ఎనీథింగ్’ పెడితే లుంగీ మీద కోటు తొడిగినట్టుంటుంది. మోటుమాట తనతోపాటు తన వ్యాకరణాన్నీ తెచ్చుకుంటుంది. ఒక్క మాటను మాత్రమే పిలిచి దాని బంధువులను బయట నిలబెడితే, అరువు తెచ్చుకున్నారన్న సంగతి ఇట్టే తెలిసిపోతుంది. అలాగే మోటుమాటను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి రాయడం కూడా. ‘ఈ మాట నాది కాదు, నా స్థాయి ఇది కాదు’ అని పాఠకుడి చెవిలో చెప్పడమే అది. వాడేవారు వాడాలి, సిగ్గుపడేవారు మానాలి. ఇక్కడ ఈ వ్యాసంలో ఆ గుర్తులు వచ్చింది మాటను మాటగా చూపించడానికే.

ఇక చెప్పక తప్పని, చేదైన సంగతి ఒకటుంది. రీగన్ ఆ మాట అంటే ఎవరూ ఆయనకు ఇంగ్లిషు రాదనుకోలేదు. పేరున్న పత్రికా రచయిత నాలుగు పేరాలు గంభీరంగా నడిపి చివర ఒక్క ఎయింట్ విసిరితే అది శైలి. అదే మాట ఇంగ్లిషు రెండో భాషగా నేర్చుకున్న వ్యక్తి దరఖాస్తులో కనబడితే తప్పు కింద జమ కట్టే అవకాశమే ఎక్కువ. పాఠకుడు ఆ మాటను చూసేముందే రచయితను చూసి నిర్ణయం తీసుకుంటున్నాడు. ఇది అన్యాయం. అమెరికా చేరి చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారిలో ఎంతో చక్కటి ఇంగ్లిషు రాసేవారున్నారు. వారికీ ఈ తక్కెడ ఒకేలా తూగదు. అన్యాయమని తెలిసినా, సీటు ఇవ్వాలా వద్దా అని తేల్చే కాగితం మీద ఆ పోరాటం మొదలుపెట్టమని సలహా ఇవ్వడం బాధ్యతారాహిత్యం. దరఖాస్తులో, ఒప్పంద పత్రంలో, పరిశోధన వ్యాసంలో ఎయింట్‌కు చోటు లేదు, ఉటంకింపులో తప్ప. స్నేహితులకు రాసే సందేశంలో, సొంత గొంతు తెలిసిన పాఠకుల కోసం రాసే వ్యాసంలో నిక్షేపంగా వాడుకోవచ్చు. అక్కడ రాసేవారి భాష మీద సందేహం ముందే తీరిపోయి ఉంటుంది.

సొంత నోట పెట్టుకున్న మోటుమాటకు మూల్యం రాసినవారే చెల్లిస్తారు. ఇతరుల నోట పెట్టినప్పుడు ఆ మూల్యం వారి మీద పడుతుంది. శ్రద్ధ ఎక్కువ కావాల్సింది అక్కడే.

1925లో జార్జ్ ఫిలిప్ క్రాప్ అనే భాషా పండితుడు అమెరికన్ కథల్లోని ఒక అలవాటుకు ‘కంటి మాండలికం’ అని పేరు పెట్టాడు. ‘వాజ్’ అనే క్రియను తప్పు అక్షరాలతో రాస్తారు. ఎలా రాసినా ఉచ్చారణ ఒకటే. చెవికి ఏ తేడా ఉండదు, కంటికి మాత్రం ఆ పాత్ర చదువురానిదని తెలుస్తుంది. అంటే ఆ తప్పు పాత్ర చేసింది కాదు, రచయిత దాని నుదుట రాసింది. ఎయింట్ ఈ కోవలోది కాదు, అది నిజంగా పలికే మాట. మనిషి నిజంగా అంటే రాయవచ్చు. కానీ ఆ గదిలో పదిమంది అక్షరాలు మింగుతూ మాట్లాడుతుంటే, తొమ్మిదిమంది మాటలను దిద్ది పదోవారి మాటను మాత్రం ఉన్నదున్నట్టు అచ్చువేస్తే అది నిజాయితీ అనిపించుకోదు. అమెరికా వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ శైలి నియమాలు కూడా ఉటంకింపుల్లో ‘గొన్నా’, ‘వన్నా’ లాంటి వర్ణక్రమాలను సాధారణంగా వద్దంటాయి.

ఈ విషయంలో ఇంగ్లిషు ప్రపంచంలోకెల్లా ప్రసిద్ధమైన వాక్యానికి జరిగింది తెలుసుకోదగ్గది. 1851 మే 29న ఒహాయో రాష్ట్రం ఆక్రన్‌లో జరిగిన మహిళా హక్కుల సభలో సోజర్నర్ ట్రూత్ మాట్లాడింది. బానిసగా పుట్టి, స్వేచ్ఛ పొంది, ఊరూరా తిరిగి ప్రసంగించిన నల్లజాతి మహిళ ఆమె. ఆ ప్రసంగం పేరు ఇప్పుడు ఎవరినడిగినా ‘ఎయింట్ ఐ ఎ ఉమన్’ అంటారు. సభ జరిగిన మూడు వారాలకు, జూన్ 21న, మారియస్ రాబిన్సన్ అనే పాత్రికేయుడు ఒక బానిసత్వ వ్యతిరేక పత్రికలో ఆ ప్రసంగ పాఠాన్ని అచ్చువేశాడు. అందులో ఆ ప్రశ్న లేదు. ఏ మగవాడికీ తీసిపోని కండబలం తనకుందని, దున్నానని, కోత కోశానని, అంతకంటే ఎవరైనా ఏం చేయగలరని సూటిగా, మామూలు ఇంగ్లిషులో చెప్పిన మాటలున్నాయి.

ఆ ప్రశ్న కనబడేది పన్నెండేళ్ల తరవాత. 1863 ఏప్రిల్‌లో, నాటి సభకు అధ్యక్షత వహించిన ఫ్రాన్సెస్ గేజ్ తన జ్ఞాపకం నుంచి ఆ ప్రసంగాన్ని మళ్లీ రాసింది. పాఠమంతా దక్షిణాది తోటల బానిసల యాసలో ఉంది. ‘నేను స్త్రీని కానా?’ అనే ప్రశ్న పల్లవిలా పదేపదే వస్తుంది. గేజ్ రాసింది ‘ఆరంట్’ రూపంలో. అది ఎయింట్‌గా మారింది ఇంకా తరవాతి కూర్పుల్లో. ట్రూత్ దక్షిణాదిలో పెరగలేదు. 1797 ప్రాంతంలో న్యూయార్క్ రాష్ట్రం అల్‌స్టర్ కౌంటీలో పుట్టింది, చిన్నతనంలో ఆమె మాట్లాడింది డచ్చి భాష. గేజ్ ఆమెకు పదముగ్గురు బిడ్డలన్నది. ఆమెకు కలిగింది అయిదుగురు.

గేజ్‌ది చెడ్డ ఉద్దేశం కాదు. ఆమె బానిసత్వాన్ని వ్యతిరేకించిన మనిషే, ట్రూత్‌ను మెచ్చుకుంటూనే రాసింది. బానిసగా బతికిన స్త్రీ అంటే ఇలా మాట్లాడుతుందని పాఠకులు ఎదురుచూసే యాసను ఆమె నోట పెట్టింది. ఆ గొంతు ఎంత శక్తిమంతంగా కుదిరిందంటే అసలు గొంతును కప్పేసింది. గేజ్ పాఠంలో వాక్యం అద్భుతంగా ఉంది, అది వేలమందికి ధైర్యమిచ్చింది. అయినా న్యూయార్క్ రాష్ట్రపు డచ్చి యాసలో, దాదాపు ఆరడుగుల మనిషి నిలబడి చెప్పిన మాటలు ఎలా ఉండేవో మనకు దక్కకుండా పోయాయి. మోటుమాటను తప్పు నోట పెట్టడం వల్ల జరిగే నష్టం ఇంత పెద్దది.

నల్లజాతి అమెరికన్ల ఇంగ్లిషులో ఎయింట్‌కు ఇతరులు అంతగా వాడని ప్రయోగం కూడా ఉంది. ‘డిడంట్’ అనాల్సిన చోట, అంటే గడిచిపోయిన పనికి కూడా, వాడతారు. దానికి తనదైన నియమం ఉంది, వాక్యంలో ఎక్కడ పడితే అక్కడ రాదు. 1979లో మిషిగన్ రాష్ట్రం ఆన్ ఆర్బర్‌లో ఒక ఫెడరల్ న్యాయమూర్తి, పిల్లల ఇంటి భాషను లెక్కలోకి తీసుకోకుండా చదువు చెప్పిన బడి వ్యవస్థను తప్పుపట్టాడు. ఆ పిల్లలను బడిలో దిద్దిన మాటలనే పాటల ద్వారా నేర్చుకుని, హైదరాబాదులోనో డల్లాసులోనో కూర్చుని సరదాగా రాసేవారు ఈ సంగతి తెలుసుకుని రాయడం మర్యాద. పాట నుంచి వాక్యం ఎత్తుకోవడం వేరు, ఆ మనుషుల గొంతును అనుకరించడం వేరు. నియమం తెలియని అనుకరణ వారి చెవికి వెంటనే తప్పుగా వినిపిస్తుంది, ఎకసెక్కంగానూ వినిపిస్తుంది.

తెలుగులోకి అనువదించేవారికి ఇదే ప్రమాదం మరో రూపంలో ఎదురవుతుంది. ఇంగ్లిషు పాత్ర ఎయింట్ అంది కదా అని తెలుగులో ఆ పాత్రకు ఏదో ఒక ప్రాంతపు యాస తగిలించడం డబ్బింగుల్లో చూస్తున్నదే. మిసిసిపీ పత్తిచేను కూలీకి ఒక తెలుగు జిల్లా పలుకుబడి పెడితే, ఆ జిల్లావారి భాష అమెరికన్ వెనుకబాటుకు గుర్తుగా మారిపోతుంది. వారు చేసిన పాపమేమీ లేదు. చాలాచోట్ల మామూలు వాడుక తెలుగే సరిపోతుంది. కుదించిన వాక్యం, విరిగిన లయ, ‘కాను’కు బదులు ‘కాదు’ లాంటి చిన్న జారుడు పెడితే మాట్లాడే మనిషి కళ్లముందుకు వస్తాడు.

ట్రూత్ ప్రశ్న దగ్గర మాత్రం ఆ జారుడు కూడా అక్కరలేదు. ఇంగ్లిషులో ‘నేను’ పక్కన నిలబడి అడగగల పొట్టి వ్యతిరేక రూపం లేకపోబట్టే ఆరంట్ అనీ ఎయింట్ అనీ వెతుక్కోవాల్సి వచ్చింది. తెలుగులో ఆ రూపం చెక్కుచెదరకుండా ఉంది. ‘నేను ఆడదాన్ని కానా?’ అంటే చాలు. పండితుడు రాసినా అదే, పొలం గట్టు మీద నిలబడి అడిగినా అదే.